మోకాలికి పెద్ద దెబ్బ తగిలితే: డబ్బున్న దేశాల వైద్యానికీ మన జిల్లా ఆస్పత్రి వైద్యానికీ అసలు తేడా ఎక్కడ?

కబడ్డీ_కూత (ప్రశ్న)

నమస్కారం. మా మండలంలో కబడ్డీ ఆడించే కోచ్‌లకూ పీఈటీ మాస్టార్లకూ మోకాలి గాయాల మీద నాలుగు పేజీల కరపత్రం వేద్దామనుకుంటున్నాం. నెట్‌లో దొరికేదంతా అమెరికా, ఇంగ్లండు ఆస్పత్రులు రాసింది. ఎమ్మారై తీయించుకోండి, స్పోర్ట్స్ సర్జన్‌ని కలవండి, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లండి అని ఉంటుంది. మాకు దగ్గర్లోని ఎమ్మారై 70 కిలోమీటర్లు. ఫిజియో వారానికి ఒక్కరోజు వస్తారు. అక్కడ రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ అచ్చేస్తే చదివినవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

అక్కడ చేసేవాటిలో నిజంగా కాలును కాపాడేవి ఏవి, లేకపోయినా పని నడిచేవి ఏవి? మాకు ఎక్కువగా వచ్చేది రైడర్ మడమ దొరికిపోయి, ఒళ్లు ఒకవైపు, కాలు ఒకవైపు తిరిగి లోపల టప్పుమని చప్పుడయ్యే దెబ్బ. బండి మీంచి పడి మోకాలు నుజ్జయినవాళ్లూ ఉంటారు. రెండింటికీ మొదటి గంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో కొలతలతో సహా చెప్పండి. ఆఫ్రికా దేశాల్లో పనిచేస్తున్న మనవాళ్లెవరైనా ఉంటే, ఇంతకన్నా తక్కువ సదుపాయాలతో ఎలా నెట్టుకొస్తున్నారో అదీ రాయండి.

---

జిల్లా_ఆర్థో

మొదటి పేజీ మొత్తం ఒక్క విషయానికే ఇవ్వండి: పాదంలో నాడి అందుతోందా, లేదా. మోకాలి గాయాల్లో లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే తాడు) తెగితే ఆట పోతుంది, మోకాలి వెనక రక్తనాళం తెగితే కాలే పోతుంది. ఈ రెండో సంగతి మన దగ్గర ఎవరూ కరపత్రాల్లో రాయరు.

మోకాలి వెనక నుంచి పిక్కలోకి దిగే పెద్ద ధమని పైన తొడ కండరం దగ్గర ఒకచోట, కింద పిక్క కండరం దగ్గర ఇంకోచోట బిగించి కట్టినట్టు ఉంటుంది. మోకాలు కీలు పూర్తిగా తప్పినప్పుడు ఆ రెండు ముడుల మధ్య అది సాగి చిరుగుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, తప్పిన మోకాలు చాలామందిలో ఆస్పత్రికి చేరేలోపే దానంతటదే కుదురుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే కనిపిస్తాయి. "బెణికింది, క్రేప్ బ్యాండేజ్ కట్టి పంపండి" అంటారు. తెల్లారేసరికి పాదం నల్లబడుతుంది.

గంటల లెక్క చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో ఈ ధమని తెగిన సైనికుల్లో సుమారు 73 శాతం మందికి కాలు తీసేయాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పట్లో నాళాన్ని ముడివేయడమే తప్ప కుట్టి కలపడం దాదాపు లేదు. 1977లో గ్రీన్, అలెన్ అనే ఇద్దరు సర్జన్లు మోకాలు తప్పిన కేసుల లెక్క తీశారు. 6 నుంచి 8 గంటల్లోపు నాళాన్ని బాగుచేసినవాళ్లలో కాలు పోయింది 11 శాతానికి, 8 గంటలు దాటినవాళ్లలో 86 శాతానికి. సర్జన్ చెయ్యి రెండుచోట్లా ఒకటే. మధ్యలో పోయిన గంటలే తేడా.

కోచ్ చేయగలిగింది ఇది. పాదం పైభాగంలో, బొటనవేలికీ రెండో వేలికీ మధ్యనుంచి చీలమండ వైపు వెళ్లే గీత మీద మూడు వేళ్లు మెత్తగా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి మూసుకుపోయి అందదు. అక్కడ దొరక్కపోతే లోపలి చీలమండ ఎముక వెనక చూడండి. రెండో కాలితో పోల్చండి. నాడి బలహీనంగా ఉన్నా, పాదం చల్లగా ఉన్నా, బొటనవేలు పైకి లేవకపోయినా సమయం కాగితం మీద రాసి వెంటనే 108 పిలవండి. బొటనవేలు లేవలేదంటే మోకాలి బయటి పక్కన ఉండే నరం సాగిందని అర్థం. కీలు తప్పి ఉంటే లాగి సరిచేసే ప్రయత్నం మైదానంలో వద్దు. ముఖ్యంగా మోకాలి లోపలి పక్క చర్మం గుంటలా లోపలికి పోయి కనిపిస్తే, లాగినకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. ఆ కీలును ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి సరిచేయాల్సిందే.

కాలు ఉన్న భంగిమలోనే తొడ మధ్య నుంచి చీలమండ దాకా రెండు పక్కలా అట్టముక్కో చెక్కో పెట్టి, మెత్తటి గుడ్డ వేసి కట్టండి. మోకాలి మీదుగా కట్టు రాకూడదు, పాదం వేళ్లు బయటికి కనబడాలి. మర్దన, ఉడుకు కాపడం వద్దు. నాటు కట్టు కూడా వద్దు. వాచే మోకాలికి బిగుతు కట్టు వేస్తే పిక్కలో ఒత్తిడి పెరిగి, బాగున్న నాళం కూడా నలిగిపోతుంది.

ఇక ఆస్పత్రిలో. డబ్బున్న దేశంలో సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) అరగంటలో అయిపోతుంది. మన ఏరియా ఆస్పత్రిలో అది లేకపోయినా బీపీ మిషను, చేతిలో ఇమిడే డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) ఉంటే చాలు. గర్భిణుల వార్డులో బిడ్డ గుండె వినే డాప్లర్ ఉంటుందిగా, అవసరానికి అదైనా తెచ్చుకోండి. రక్తనాళాల డాప్లర్ అంత స్పష్టంగా వినిపించదు గానీ పని నడుస్తుంది. చీలమండ దగ్గర వచ్చిన బీపీ పై అంకెను చేతి బీపీ పై అంకెతో భాగించండి. చేతికి 120, చీలమండకు 100 వస్తే 0.83. 0.9 కన్నా తక్కువంటే నాళం దెబ్బతిన్నట్టే లెక్కేసి పంపాలి. 0.9 పైన ఉంటే కూడా ఇంటికి పంపకూడదు. నాళం లోపలి పొర మాత్రమే చిరిగినప్పుడు మొదట నాడి అందుతుంది, కొన్ని గంటల తర్వాత అక్కడ గడ్డకట్టి ఆగిపోతుంది. మొదటి 24 గంటలు ప్రతి గంటకూ చూసి కేస్‌షీటులో రాయాలి. నైట్ డ్యూటీ సిస్టర్ చేసే ఈ పనికి పరికరం ఏమీ అక్కర్లేదు, అయినా ఎక్కువగా తప్పేది ఇక్కడే.

వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) మూడు గంటల దూరంలో ఉంటే, నాళాలు తెరిచిన అనుభవమున్న సర్జన్ దగ్గరుంటే, తెగిన రెండు కొనల మధ్య స్టెరైల్ ప్లాస్టిక్ గొట్టం పెట్టి సిల్కు దారంతో కట్టి రక్తం పారించి పంపవచ్చు. షంట్ అంటాం. దానికని తయారైన గొట్టం ఖరీదు, దొరకదు కూడా. యుద్ధ ప్రాంతాల్లో పసిపిల్లల ఫీడింగ్ ట్యూబ్‌ను కత్తిరించి వాడారు, పనిచేసింది. తర్వాత తొడలో రెండు, కాలి ఎముకలో రెండు 5 మిల్లీమీటర్ల పిన్నులు వేసి, మోకాలు 15 డిగ్రీలు వంచి బయటి రాడ్‌తో (ఫిక్సేటర్) బిగించాలి. ఆలస్యమైన కేసుల్లో పిక్కలో కండరాలుండే నాలుగు గదులూ రెండు కోతలతో తెరవాలి. కోత చిన్నగా ఉంటే లోపలి ఒత్తిడి తగ్గదు, 15 సెంటీమీటర్లకు తక్కువ వద్దు. రక్తం పారడం మొదలయ్యాక వాపు ఇంకా పెరుగుతుంది కాబట్టి "చూద్దాం" అని ఆగితే కండరం చచ్చిపోతుంది.

---

బ్లాంటైర్_తెలుగు

నేను ఉన్నది మలావీలో. మీరు అడిగినదానికి నేరుగా చెప్తాను.

ఇక్కడ జిల్లా ఆస్పత్రుల్లో ఎముకల సర్జన్ ఉండడు. 1985 నుంచి ఆర్థోపెడిక్ క్లినికల్ ఆఫీసర్లు అనే వాళ్లను తయారుచేస్తున్నారు. వీళ్లు ఎంబీబీఎస్ కాదు. కట్లు వేయడం, కీళ్లు సరిచేయడం, ట్రాక్షన్ (బరువు వేలాడదీసి ఎముకను లాగి ఉంచడం) పెట్టడం, ఓపెన్ గాయాలు కడగడం, పంపాల్సినదాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటారు. దేశం మొత్తం ఎముకల వైద్యం వీళ్ల చేతుల మీద నడుస్తోంది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన ఆపరేషన్ అందుబాటులో లేదని లెక్కగట్టింది. ఏ ఆస్పత్రి సత్తా అయినా మూడు పనులతో తేలుతుందని కూడా చెప్పింది: సిజేరియన్, పొట్ట తెరవడం, ఓపెన్ ఫ్రాక్చర్‌కి వైద్యం. మోకాలి దగ్గర ఎముక బయటికొచ్చిన గాయం ఆ మూడోదాని కిందికే వస్తుంది.

మోకాలి కీలులోకి విరిగిన కాలి ఎముకకు (పైన పళ్లెంలా ఉండే భాగం కుంగిపోయినదానికి) డబ్బున్న దేశంలో సీటీ తీసి, వాపు తగ్గేదాకా ఫిక్సేటర్ పెట్టి, చర్మం ముడతలు పడ్డాక, అంటే వారం నుంచి రెండు వారాల మధ్య, ఎముక ఆకారానికి సరిపోయేలా తయారుచేసిన లాకింగ్ ప్లేట్లు వేస్తారు. ఇక్కడ జిల్లాలో వేసేది ఆప్లీ ట్రాక్షన్. చీలమండకు పైన కాలి ఎముకలోంచి అడ్డంగా ఒక పిన్ను, దానికి 4 నుంచి 5 కిలోల బరువు, మంచం పాదాల వైపు ఎత్తు. కట్టేసి పడుకోబెట్టడం కాదు. నొప్పి తగ్గిన మూడు నాలుగు రోజుల నుంచే ఆ బరువు లాగుతుండగానే మోకాలు వంచడం, చాచడం చేయించాలి. కదులుతున్న కీలులో తొడ ఎముక గుండ్రటి కొన ఆ విరిగిన పళ్లెం ముక్కల్ని కొంతవరకు తనే సర్దుతుంది. ఆరు వారాలకు పిన్ను తీసి కర్రల మీద లేపుతారు, బరువు మోపడం పన్నెండు వారాలకు. మధ్యలో పెద్దగా కుంగిన ముక్క ఉంటే ట్రాక్షన్ దాన్ని పైకి లేపలేదు, అలాంటిదాన్ని పంపాల్సిందే. పిన్ను దగ్గర చీము పట్టడం మామూలు. పిన్ను ఎముకలో వదులైతే చీము వస్తుంది, అందుకే మరలున్న పిన్ను వాడమంటాం.

తొడ ఎముక మోకాలికి కాస్త పైన విరిగితే సైన్ నెయిల్, అంటే ఎముక లోపలికి దూర్చి స్క్రూలతో బిగించే కడ్డీ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం రిచ్‌లాండ్‌లో లూయిస్ జర్కిల్ అనే సర్జన్ 1999లో మొదలుపెట్టిన సంస్థ దీన్ని పేద దేశాల ఆస్పత్రులకు ఉచితంగా ఇస్తుంది. గొట్టంలా కాకుండా గట్టి కడ్డీలా ఉంటుంది. మోకాలు వంచి కీలులోంచే పైకి పంపవచ్చు. సీఆర్మ్ (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపే మిషను) లేకుండా స్క్రూ రంధ్రం దొరకడానికి బయట ఒక చట్రం, లోపల నెయిల్ గాడిని వెతికే చిన్న ఉక్కు కడ్డీ ఉంటాయి. ఆ కడ్డీ కొన గాడిలో పడి కడ్డీని తిప్పినప్పుడు నెయిల్ కూడా కదిలితే సరిగ్గా రంధ్రంలో ఉన్నట్టు. కళ్లతో కాదు, చేతితో చూడటం. చేసిన ప్రతి ఆపరేషన్ ఎక్స్‌రేలూ వివరాలూ సంస్థకు పంపాలి, ఆ లెక్క ప్రకారమే మళ్లీ నెయిల్స్ వస్తాయి.

డబ్బు తేడా లేని పని ఒకటి చెప్తాను. ఓపెన్ గాయం కడగడం. ఖరీదైన ప్రెషర్ మిషన్లు కావాలా, సబ్బు ద్రవం కలపాలా అన్నది 2015లో వచ్చిన ఫ్లో ట్రయల్ (రోగుల్ని గుంపులుగా చేసి పోల్చిన అధ్యయనం) తేల్చింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నార్వేతో పాటు మన ఇండియాలోనూ చేశారు. ఒత్తిడి ఎంతున్నా ఫలితంలో తేడా లేదు, సబ్బు వాడినవాళ్లకే మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. స్టాండుకు వేలాడదీసిన మామూలు సెలైన్ చాలు. చిన్న గాయానికి 3 లీటర్లు, మధ్యరకానికి 6, పెద్దదానికి 9. మొదటి యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. ఆ గంట సెలైన్ కన్నా ముఖ్యం.

మోకాలి చిప్ప రెండు ముక్కలైతే కూడా అంతే. రెండు కే-వైర్లు (సన్నటి ఉక్కు పిన్నులు), ఎనిమిదంకె ఆకారంలో చుట్టిన స్టీలు తీగ. ఒస్లోలో అయినా ఒంగోలులో అయినా ఏళ్లుగా చేస్తున్నది ఇదే.

---

కబడ్డీ_కూత

డాక్టర్ గారూ, మలావీ అన్నగారూ, చాలా థాంక్స్. నాడి చూసే బొమ్మ మొదటి పేజీలోనే వేయిస్తాం. ఇక నాడి బాగుండి ఏసీఎల్ (కాలి ఎముక ముందుకు జారకుండా మోకాలి మధ్యలో పట్టి ఉంచే లిగమెంట్) తెగిందనుకున్న పిల్లల సంగతి. ఎమ్మారై లేకుండా తెలుస్తుందా? ఆపరేషన్ ఎస్టిమేట్లలో ఒకచోటికీ ఇంకోచోటికీ అంత తేడా ఎందుకు ఉంటుంది? ఏం చూసి అడగాలి?

---

జిల్లా_ఆర్థో

తెలుస్తుంది. దెబ్బ తగిలిన రెండు గంటల్లోపే మోకాలు బుస్సున పొంగితే లోపల రక్తం నిండినట్టు, అలాంటివాళ్లలో ఎక్కువమందికి తెగింది ఏసీఎల్లే. మర్నాటికి నెమ్మదిగా వాస్తే మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండేది) చిరిగిందని అనుమానం. సూదితో తీసిన రక్తం మీద నూనె చుక్కలు తేలితే లోపల ఎముక చిట్లింది. ఎక్స్‌రే కావాలా వద్దా అన్నదానికి కెనడాలో తయారైన ఒట్టావా నియమాలు వాడండి: వయసు 55 గానీ అంతకు పైన గానీ ఉన్నా, చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పున్నా, మోకాలి బయటి పక్క కింద ఉండే చిన్న ఎముక తల నొప్పున్నా, 90 డిగ్రీలు వంచలేకపోయినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే.

ఏసీఎల్ తెగిందో లేదో చేతితో చూసే లాక్‌మన్ పరీక్ష మోకాలు 20 నుంచి 30 డిగ్రీలు వంచి చేయాలి. ఒక చెయ్యి తొడను పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి పిక్కను ముందుకు లాగుతుంది. తెగని లిగమెంట్ తాడు బిగిసినట్టు టక్కున ఆగుతుంది, తెగినది మెత్తగా జారుకుంటూ వస్తుంది. దెబ్బ తగిలినరోజు నొప్పికి కండరం బిగబట్టేస్తారు కాబట్టి తేలదు. ఐదారు రోజులయ్యాక మళ్లీ చూడాలి. ఎమ్మారై ఎప్పుడు తప్పదంటే, మోకాలు ఒకచోట ఇరుక్కుని చాపలేకపోతుంటే. మెనిస్కస్ ముక్క మధ్యలో అడ్డుపడి ఉంటుంది, నెలలు ఆగితే కుట్టడానికి పనికిరాకుండా పోతుంది. వీళ్లకు మాత్రం 70 కిలోమీటర్లైనా వెళ్లాలి.

---

ఓటీ_టెక్నీషియన్

ఎస్టిమేట్ సంగతి నేను చెప్తాను. ఏసీఎల్ ఆపరేషన్‌లో తెగినదాన్ని కుట్టరు. తొడ వెనక నుంచి రెండు నరాల్లాంటి స్నాయువులు తీసి, మడతపెట్టి కొత్త తాడు చేసి, తొడ ఎముకలో ఒక సొరంగం, కాలి ఎముకలో ఒక సొరంగం తొలిచి అందులో దూర్చి రెండు కొసలూ బిగిస్తారు. ఖర్చులో తేడా ఆ బిగించే సామాను దగ్గర వస్తుంది.

పై కొసకు మామూలుగా వాడేది బటన్. 12 మిల్లీమీటర్ల పొడవుండే టైటానియం ముక్క, సొరంగంలోంచి నిలువుగా బయటికి లాగి అడ్డం తిప్పితే ఎముక మీద గడియలా కూర్చుంటుంది. స్వదేశీదానికీ దిగుమతిదానికీ ధరలో రెండు మూడింతలు తేడా ఉంటుంది. రెండూ మోసే బరువు దాదాపు ఒకటే. పాడయ్యేది బటన్ కాదు, దాన్ని కూర్చోబెట్టడం. ఎముకను ఆనుకోకుండా కండరంలో చిక్కుకుంటే వారాల్లో తాడు వదులవుతుంది. తిప్పాక గట్టిగా లాగి చూడాలి, సీఆర్మ్ ఉంటే ఒక్క ఫొటో తీయాలి. కింది కొసకు కరిగిపోయే స్క్రూ అని ఎక్కువ రాస్తారు. టైటానియం స్క్రూ చాలు. అదీ కొనలేనిచోట తాడు దారాలను కాలి ఎముక మీద వాషరుతో బిగించిన 4.5 మిల్లీమీటర్ల మామూలు స్క్రూకు ముడివేస్తారు. తరువాత చర్మం కింద తగులుతూ ఇబ్బంది పెట్టొచ్చు, అవసరమైతే ఏడాది తర్వాత తీసేస్తారు. పట్టు మాత్రం గట్టిదే.

సర్జన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న తాడు మందం ఎంత వచ్చిందని. 8 మిల్లీమీటర్లకు తగ్గితే మళ్లీ తెగే అవకాశం పెరుగుతుంది. సన్నగా వస్తే నాలుగు మడతల్ని ఐదో ఆరో చేయాలి, లేదా చిప్ప కింది స్నాయువును ఎముక ముక్కలతో సహా తీయాలి. రెండోది, తొడ సొరంగం ఎక్కడ పడిందో. ముందుకు పడితే మోకాలు వంగినప్పుడల్లా తాడు సాగుతుంది. ఫెయిలైన ఆపరేషన్లలో పెద్ద కారణం ఇదే. ఆపరేషన్ తర్వాతి పక్క ఎక్స్‌రే అడిగి తీసుకుని దాచుకోండి.

ఇప్పుడు ఎవరూ చెప్పనిది. ఆర్థ్రోస్కోప్ (చిన్న రంధ్రంలోంచి కీలు లోపల చూసే గొట్టం) కెమెరాను చాలాచోట్ల గ్లూటరాల్డిహైడ్ ద్రవంలో ముంచి తీసి వాడతారు. 2 శాతం ద్రవంలో 20 నిమిషాలు ఉంచితే మామూలు క్రిములు చస్తాయి, మొండి స్పోర్లు చావవు. పూర్తిగా స్టెరైల్ కావాలంటే 10 గంటలు. రోజుకు నాలుగు కేసులు పెట్టుకుని ఒకటే స్కోప్ ఉన్నచోట 10 గంటలు ఎలా కుదురుతుంది? డబ్బున్న ఆస్పత్రుల్లో స్కోపులు ఆరేడు ఉంటాయి, స్టెరైల్ చేసే ప్లాస్మా మిషనులో పెడతారు. అందుకే రోజులో మొదటి కేసుగా పెట్టమని అడగడం తప్పేమీ కాదు. ఒక్కసారికే తయారైన షేవర్ బ్లేడు (కీలు లోపలి పీచును కోసి పీల్చే గొట్టం) మళ్లీ మళ్లీ వాడటం రెండో సమస్య. మొండిబారిన బ్లేడు పీచును కోయకుండా లాగుతుంది, పక్కనున్న మృదులాస్థిని గీరుతుంది. గొట్టం లోపల పాత కేసు తాలూకు కణజాలం ఎండిపోయి ఉంటే ఏ గ్యాసూ దాన్ని శుభ్రం చేయలేదు.

ఇన్ఫెక్షన్ రాకుండా చవకైన మందు ఒకటుంది. ఆస్ట్రేలియాలో మొదలైంది. 500 మిల్లీగ్రాముల వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను 100 మిల్లీలీటర్ల సెలైన్లో కలిపి, అందులో తడిపిన గాజుగుడ్డ తాడుకు చుట్టి, సొరంగాలు తొలిచేదాకా అంటే పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. వందకు ఒకటి దగ్గర ఉండే ఇన్ఫెక్షన్ దాదాపు సున్నాకు పడిపోయింది. ఎస్టిమేట్‌లో బటన్ బ్రాండు గురించి అడిగేబదులు ఇది చేస్తారా అని అడగండి.

కెమెరాకు లోపల కనబడేలా కీలులోకి సెలైన్ ఎక్కించే నీళ్ల పంపు లేదని కూడా భయపడక్కర్లేదు. సెలైన్ సంచీ మోకాలికి మీటరు ఎత్తున వేలాడదీస్తే 73 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి వస్తుంది, స్పష్టంగా కనబడటానికి అది సరిపోతుంది. ఆరోగ్యశ్రీ మీద చేయించుకునేవాళ్లు ప్యాకేజీలో స్క్రూ, బటన్ ఖర్చు కలిసే ఉందా లేదా అన్నది చేరేముందే ఆరోగ్యమిత్రతో కాగితం మీద రాయించుకోండి.

---

ఫిజియో_లీడ్స్

ఇంగ్లండు నుంచి. ఇక్కడ అందరికీ వెంటనే ఆపరేషన్ అవుతుందనుకోకండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) 18 వారాల గడువు లక్ష్యం మాత్రమే, అంతకు మించి ఎదురుచూసేవాళ్లు చాలామంది. అసలు ఆపరేషన్ అందరికీ కావాలా అన్న ప్రశ్నను ముందు స్వీడన్ వేసింది. కానన్ ట్రయల్‌లో 121 మంది యువకుల్ని తీసుకుని సగంమందికి వెంటనే ఆపరేషన్, సగంమందికి ముందు వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండో గుంపులో ఐదేళ్లకు 59 మందిలో 30 మందికే ఆపరేషన్ అవసరమైంది. మిగతా 29 మంది లేకుండానే గడిపారు, మోకాలి స్కోరులో రెండు గుంపులకూ తేడా లేదు. అయితే 2022లో లాన్సెట్‌లో వచ్చిన ఇంగ్లండు ట్రయల్ ఇంకో మాట చెప్పింది. దెబ్బ తగిలి నెలలు గడిచినా మోకాలు జారుతూనే ఉన్న 316 మందిలో ఆపరేషన్ వైపే ఫలితం బాగుంది. కలిపి చూస్తే, కొత్త గాయానికి మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేయించి చూడొచ్చు, ఆ తర్వాత కూడా జారుతుంటే సాగదీయకూడదు.

మీ ఊళ్లో ఫిజియో వారానికి ఒక్కరోజే వస్తారన్నారు. అది సరిపోతుంది, మిగతా ఆరు రోజులూ ఇంట్లో కొలుచుకోవడం వస్తే. మొదటి రెండు వారాల్లో ఒకటే లక్ష్యం, మోకాలు పూర్తిగా చాపడం. వంగడం తర్వాతైనా వస్తుంది. చాపడం రాకపోతే లోపల మచ్చకణజాలం ముద్దలా పెరిగి తలుపు కింద రాయిలా అడ్డుపడుతుంది. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా, రోజుకు ఐదుసార్లు పదేసి నిమిషాలు ఉంచండి. మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టే ప్రేమ మన ఇళ్లలో ఎక్కువ, అదే కీలును వంకరగా బిగించేస్తుంది.

కొలిచేది ఇలా. మంచం మీద బోర్లా పడుకుని రెండు కాళ్లూ చిప్ప దాకా మంచం బయటికి వేలాడేయండి. వెనకనుంచి చూస్తే రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. దెబ్బ తగిలినది ఎంత పైకి ఉంటే అంత చాపలేకపోతున్నట్టు, సుమారుగా ఒక సెంటీమీటరుకు ఒక డిగ్రీ. స్కేలు పెట్టి రోజూ గోడ మీద రాసుకోమనండి.

తొడ ముందు కండరం బలం ఇక్కడ లక్షల ఖరీదు మిషన్‌తో కొలుస్తారు. అది లేనిచోట బస్తాలు తూచే కొక్కెం డిజిటల్ తూకం చాలు. బరువైన బల్ల మీద కూర్చోబెట్టండి, మోకాలు 90 డిగ్రీలు. చీలమండకు పైన వెడల్పాటి పట్టీ, పట్టీకి గొలుసు, గొలుసుకు తూకం, తూకం రెండో కొక్కెం బల్ల వెనక కాలికి. ఐదు సెకన్లు ముందుకు తన్నమనండి. మూడుసార్లు చేయించి పెద్ద అంకె తీసుకోండి. 50 కిలోల లగేజీ తూకం కొనకండి, ఆటగాడి తొడ దాన్ని దాటేస్తుంది. 200 కిలోలది తీసుకోండి. బాగున్న కాలు 60 కిలోలు లాగితే, దెబ్బ తగిలింది కనీసం 54 లాగాలి, అంటే 90 శాతం. ఆపరేషన్ అయినవాళ్లకు ఈ పరీక్ష పూర్తి బలంతో మూడు నెలలు దాటాకే. ఒంటికాలి గెంతు కూడా అంతే, టేపుతో కొలవండి. బాగున్నది 150 సెంటీమీటర్లు దూకితే రెండోది 135.

బరువులకు జిమ్ అక్కర్లేదు. స్కూలు సంచీలో ఇటుకలు పెట్టండి, ఒక్కోటీ సుమారు 3 కిలోలు. కుర్చీలోంచి ఒంటికాలితో లేవడం, 20 సెంటీమీటర్ల మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలితే బరువు ఎక్కువైందని అర్థం, ఒక ఇటుక తీసేయండి. మర్నాడు ఉదయం వాపు పెరిగి ఉన్నా అంతే.

కబడ్డీ కోర్టులోకి తొమ్మిది నెలల ముందు అడుగు పెట్టనివ్వకండి. నార్వే, అమెరికా కలిసి చేసిన అధ్యయనంలో తొమ్మిది నెలల దాకా ఆగిన ఒక్కో నెలకూ మళ్లీ గాయమయ్యే అవకాశం సగానికి సగం తగ్గింది. టోర్నమెంటు ఉందని ఆరో నెలలో దింపితే రెండో ఆపరేషన్‌కి దారి వేసినట్టే.

---

జిల్లా_ఆర్థో

లీడ్స్ ఫిజియో గారితో ఒక్కచోట విభేదిస్తాను. స్వీడన్‌లో ఆపరేషన్ లేకుండా గడిపినవాళ్లు వారంవారం ఫిజియో కళ్లముందు ఉన్నారు, జారితే వెంటనే ఆపరేషన్‌కు తీసుకున్నారు. మన దగ్గర "వ్యాయామంతో చూద్దాం" అంటే చాలామందికి అది ఏమీ చేయకపోవడమే అవుతుంది. వరిమడి గట్టు మీద నడిచేవాడికి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి, బస్తాలు మోసే హమాలీకి మోకాలు ఒక్కసారి జారితే మెనిస్కస్ చిరుగుతుంది. మెనిస్కస్ పోయిన మోకాలు పదిహేనేళ్లలో అరిగిపోతుంది. కాబట్టి కరపత్రంలో ఒక గీత గీయండి: రోజువారీ పనిలో రెండుసార్లు మోకాలు జారిందంటే ఇక ఎదురుచూడటం ఆపి సర్జన్ దగ్గరికి.

---

ఫిజియో_లీడ్స్

ఒప్పుకుంటున్నాను డాక్టర్ గారూ. రెండుసార్లు అన్న గీత బాగుంది, అలాగే వేయండి.

---

కబడ్డీ_కూత

ఆఖరి ప్రశ్న. మా పిల్లల ఇళ్లలో ఎక్కువగా ఇండియన్ మరుగుదొడ్లే. కింద కూర్చుని తినడం, గొంతుకూర్చోవడం ఎప్పటినుంచి? నెట్‌లోని ఇంగ్లిష్ కాగితాల్లో ఎక్కడా కనబడలేదు.

---

ఫిజియో_లీడ్స్

కనబడదు, ఎందుకంటే ఇక్కడ 120 డిగ్రీలు వంగితే చాలు అనుకుంటారు. గొంతుకూర్చోవడానికి 150 దగ్గర కావాలి.

ముందు డిశ్చార్జ్ కాగితంలో మెనిస్కస్ కుట్టారా లేదా చూడండి. కుట్టి ఉంటే నాలుగు నెలల దాకా బరువు మోపుతూ 90 డిగ్రీలు దాటి వంచకూడదు, ఆ తర్వాత కూడా గొంతుకూర్చోవడం ఆరు నెలలకే. కుట్టు తెగేది సరిగ్గా ఆ భంగిమలోనే. కుట్టకపోతే, ఏసీఎల్ ఒక్కటే అయితే, వాపు లేకుండా 130 డిగ్రీలు వచ్చాక మూడు నాలుగు నెలలకు మెల్లగా మొదలుపెట్టొచ్చు. మొదట కిటికీ ఊచ పట్టుకుని సగం దాకా, తర్వాత మడమల కింద చెక్కముక్క పెట్టి పూర్తిగా. బాసింపట్టు దానికన్నా ముందు, వదులుగా, దిండు మీద కూర్చుని మొదలుపెట్టొచ్చు. నొప్పి లోపలి పక్కన పొడిచినట్టుంటే ఆపేయాలి.

అప్పటిదాకా మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ కొనండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. లేదా గట్టి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోసి అంచులు గరుకు కాగితంతో రుద్దండి. కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ల కింద రబ్బరు బూట్లు తప్పనిసరి. తడి నేల మీద కుర్చీ జారితే మళ్లీ మొదటి పేజీకే వస్తాం. కుర్చీకి కుడి పక్క, ఎడమ పక్క గోడకు ఒక్కో ఇనుప పిడి బిగించండి, నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో.